ఎల్లోస్టోన్ పార్కు లోపలే వారం రోజులు ఉంటున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సెప్టెంబరు రెండో వారంలో మీరూ మీ ఆవిడా ఏడు రాత్రులు అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు లోపలే ఉండాలనుకుంటున్నారు. ఎక్సెల్ షీటులో 38 చోట్లు రాసుకున్నారు, రోజుకు ఐదారు చొప్పున. అవన్నీ చూడగలమా, తోడేళ్లు, ఎలుగుబంట్లు కనిపిస్తాయా, బస ఒకే చోట పెట్టుకోవాలా, మారుతూ ఉండాలా అన్నవి మీ సందేహాలు. మీ ఆవిడకు ఎలుగుబంట్లంటే భయమని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. బస రెండు చోట్ల పెట్టుకోండి: మూడు రాత్రులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (వేడినీటిని పైకి చిమ్మే బుగ్గ) దగ్గర, నాలుగు రాత్రులు జలపాతం దగ్గరున్న కెన్యన్ విలేజ్‌లో. 38 చోట్లను పదిహేనుకు తగ్గించండి. కనీసం నాలుగు తెల్లవారుజాములు జంతువులకే కేటాయించండి, అందులోనూ ఒకే లోయకు రెండు మూడు సార్లు వెళ్లండి. బైసన్ (అమెరికా అడవిదున్న), ఎల్క్ (పెద్ద కొమ్ముల జింక) దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. ఎలుగుబంటి కనిపించే అవకాశం బాగానే ఉంది. తోడేలు సంగతి మాత్రం మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

నేనూ మావారూ ఉద్యోగాలు మానేశాక రెండు వేసవులు ఆ పార్కులోనే ఒక క్యాంప్‌గ్రౌండులో సీజనల్ పనిచేశాం. ఆ తరువాత కూడా వీలైన ప్రతి ఏడూ ఒక వారం వెళ్లి వస్తున్నాం, ఎక్కువగా సెప్టెంబరులోనే. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

మీ షీటులో నాకు కనిపించిన ఇబ్బంది చోట్ల సంఖ్య ఒక్కటే కాదు. ప్రతి చోటుకూ ఒక రోజు వేశారు గానీ, ఏ వేళకు వెళ్లాలో ఎక్కడా రాయలేదు. ఈ పార్కులో వేళే ముఖ్యం. జంతువులకు పేరున్న లామార్ లోయ ఉదయం ఆరున్నరకు ఒకలా ఉంటుంది, పదకొండుకు ఇంకొకలా ఉంటుంది. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడినీటి బుగ్గ సంగతి దీనికి తలకిందులు: చల్లటి ఉదయం వెళితే ఆవిరి తప్ప రంగు కనబడదు. పార్కు లోపల ఉండటానికి అంత డబ్బు పెడుతున్నారంటే దాని ఫలం తెల్లవారుజామునే దక్కుతుంది. బయట ఊళ్లలో బస చేసినవాళ్లు గేటు దాటి వచ్చేసరికి మీరు లోయలో గంట గడిపి ఉంటారు.

దూరాల గురించి కూడా ఒక మాట. పార్కు దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. లోపలి ప్రధాన రోడ్డు ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్లు తిరుగుతుంది. గరిష్ఠ వేగం చాలాచోట్ల గంటకు 45 మైళ్లే. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి కెన్యన్‌కు 42 మైళ్లంటే ఇంటి దగ్గర ముప్పావు గంట అనుకుంటాం. ఇక్కడ గంటన్నర వేసుకోండి. దారిలో బైసన్ల మంద రోడ్డెక్కితే ఇంకో గంట. 2024లో ఈ పార్కుకు 47 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. సెప్టెంబరులో జూలై అంత రద్దీ ఉండదు గానీ, పది గంటలు దాటాక పేరున్న చోట్ల పార్కింగ్ దొరకడం ఇప్పటికీ కష్టమే.

తోడేళ్లు, లామార్ లోయ

మేం మొదటిసారి వెళ్లినప్పుడు లామార్‌కు పదకొండు గంటలకు చేరాం. ఎండ నెత్తిమీదికి వచ్చింది. దూరంగా బైసన్లు పడుకుని నెమరు వేస్తున్నాయి. అరగంట నిలబడి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాం. ఆ రాత్రి లాడ్జిలో పక్క టేబుల్ దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ మాతో మాట కలిపి, "రేపు తెల్లవారకముందే రండి, రోడ్డు పక్కన కార్లు వరసగా ఆగి ఉన్నచోట మీరూ ఆగండి" అంది. వెళ్లాం. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. పది పన్నెండు మంది ట్రైపాడ్ల మీద స్కోపులు (దూరపువి దగ్గరగా చూపే దుర్భిణులు) పెట్టుకుని, టోపీలు చెవులదాకా లాక్కుని నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఏడు గంటలు దాటాక కొండ వాలు మీద నుంచి ఒక అరుపు వచ్చింది. ముందు ఒకటి, దానికి జవాబుగా ఇంకొకటి, తరువాత అన్నీ కలిసి. మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకోవడం నాకు ఇప్పటికీ గుర్తు. కంటికి ఏమీ కనిపించలేదు. ఆ పెద్దావిడ తన స్కోపులో చూడమని పక్కకు జరిగింది. మైలుకు పైగా దూరంలో, మంచు పట్టిన గడ్డిలో, ఒక నల్లటిది, రెండు బూడిదరంగువి.

ఆ దృశ్యం వెనక ఉన్న చరిత్ర తెలిస్తే ఇంకా బాగుంటుంది. పార్కు ఏర్పడింది 1872 మార్చి 1న. కానీ అప్పట్లో తోడేలును కాపాడాల్సిన జంతువుగా ఎవరూ చూడలేదు. 1926 నాటికి పార్కులో ఆఖరి గుంపులను కూడా చంపేశారు. దాదాపు డెబ్బై ఏళ్లు ఆ లోయలో తోడేలు అరుపే లేదు. 1995లో కెనడాలోని ఆల్బర్టా నుంచి 14, 1996లో బ్రిటిష్ కొలంబియా నుంచి 17 తెచ్చి వదిలారు. ఇప్పుడు పార్కులో దాదాపు వంద ఉంటాయి. అంత పెద్ద పార్కులో వందంటే ఎంత తక్కువో మీరే ఊహించుకోండి.

తోడేళ్లు వచ్చాక నదులే దారి మార్చుకున్నాయన్న వీడియోలు మీరు చూసే ఉంటారు. అంత సులువుగా నమ్మకండి. ఎల్క్ సంఖ్య తగ్గిన మాట నిజం, కొన్నిచోట్ల విల్లో పొదలు మళ్లీ లేచిన మాట నిజం. కానీ ఆ కాలంలోనే ఎలుగుబంట్లు, కూగర్లు (పర్వత సింహాలు) పెరిగాయి, పార్కు బయట వేట సాగింది, కరువు ఏళ్లు వచ్చాయి. దేని వాటా ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తూనే ఉంది. ఒక్క జంతువుకే మొత్తం అంటగట్టడం ఆ లోయకు అన్యాయం అనిపిస్తుంది నాకు.

సెప్టెంబరు గురించి నిజం చెప్పాలంటే తోడేళ్లకు ఇది మంచి కాలం కాదు. మంచు పరుచుకున్న చలికాలమూ, మే, జూన్ నెలలూ మేలు. అందుకే లామార్‌కు ఒక్కసారి కాకుండా రెండు ఉదయాలు పెట్టుకోమంటున్నాను. మా వారాల్లో సగానికి సగం మొదటి ఉదయం ఖాళీగానే పోయింది. రెండోరోజు కూడా అదే మలుపులో ఆగేవాళ్లం. నిన్న చూసిన కొండ వాలు ఈరోజు కొంచెం అలవాటై ఉంటుంది. ఏది బండరాయో, ఏది మొద్దో ముందే తెలుసు కాబట్టి కొత్తగా కదిలేది ఇట్టే కంటపడుతుంది. ఒకే చోటుకు మళ్లీ మళ్లీ వెళ్లమనడానికి నా దగ్గరున్న అసలు కారణం ఇదే.

కెన్యన్ నుంచి లామార్‌కు డన్‌రేవన్ కనుమ మీదుగా గంట పైన పడుతుంది. సెప్టెంబరు మధ్యలో సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో. కాబట్టి ఐదున్నరకల్లా బయల్దేరాలి. ఆ కనుమ దాదాపు 8,900 అడుగుల ఎత్తు. సెప్టెంబరులో కూడా మంచు పడి కొన్ని గంటలు మూసేస్తుంటారు, ముందురోజు రాత్రే రోడ్డు సంగతి కనుక్కోండి. చీకట్లో నెమ్మదిగా నడపండి. ముదురు రంగు బైసన్ రాత్రి రోడ్డు మీద నిలబడితే హెడ్‌లైట్లలో ఆఖరి క్షణం దాకా కనబడదు.

బైసన్: అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే

మీ ఆవిడ భయం ఎలుగుబంటి మీద ఉంది. నా భయం బైసన్ మీద. పార్కులో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచే జంతువు అదే. చూడటానికి మన ఊరి గేదెలా నిదానంగా మేస్తూ ఉంటుంది. మగది దాదాపు 2,000 పౌండ్ల దాకా తూగుతుంది, గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తగలదు. మనం దాని ముందు ఎంత దూరం పరిగెత్తగలం?

నియమం ఇది: బైసన్, ఎల్క్ వంటి వాటికి కనీసం 25 గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు, కూగర్లకు కనీసం 100 గజాలు. తోక చూస్తుండండి. కిందికి వేలాడుతూ ఊగుతుంటే ఫరవాలేదు. తోక నిటారుగా లేచిందంటే వెంటనే వెనక్కి తగ్గాలి. మేం పనిచేసిన క్యాంప్‌గ్రౌండులోకి ఒక ముసలి మగ బైసన్ అప్పుడప్పుడు వచ్చేది. ఒక సాయంత్రం ఒకాయన తన టెంటు ముందు అది మేస్తుంటే ఫొటో కోసం మెల్లగా దగ్గరికి నడిచాడు. నేను అరిచేసరికి తోక లేచింది. ఆయన వెనక ఒక పిక్నిక్ బల్ల ఉంది కాబట్టి సరిపోయింది, ఆ బల్ల చుట్టూ తిరిగి తప్పించుకున్నాడు. ఆ బల్ల చివరి పలక విరిగి పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే జంతువు 1902లో పార్కు మొత్తం మీద ఇరవై మూడు దాకా మాత్రమే మిగిలింది. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. కెన్యన్ నుంచి పది నిమిషాల్లో చేరే హేడెన్ లోయలో ఉదయం పొగమంచులోంచి వందల బైసన్లు నది దాటుతుంటే చూస్తారు. ఒకప్పుడు ఆ లోయ చెరువు అడుగు. ఆ మెత్తటి మట్టిలో చెట్లు సరిగా పెరగవు, అందుకే అంత దూరం ఖాళీగా కనబడుతుంది. గ్రిజ్లీలు (పెద్ద గోధుమరంగు ఎలుగుబంట్లు) కనిపించడానికి కూడా ఆ ఖాళీ మైదానమే కారణం.

మంద రోడ్డు మీదికి వస్తే కారులోనే ఉండండి, హారన్ కొట్టకండి. అవి వెళ్లేదాకా ఆగడమే. మేం ఆ సమయంలో ఇంజన్ ఆపేసి అద్దం కొంచెం దించి వాటి ఊపిరి వింటూ కూర్చుంటాం.

ఎలుగుబంట్లు: మీ ఆవిడకు చూపించండి ఈ భాగం

అమ్మా, మీ భయం సహేతుకమే. పూర్తిగా పోవాల్సిన పని కూడా లేదు, ఆ భయమే మిమ్మల్ని జాగ్రత్తగా ఉంచుతుంది. ఒక సంగతి తెలుసుకుంటే మనసు కొంత తేలిక పడుతుంది. ఎలుగుబంట్లు మనుషుల తిండికి అలవాటు పడిన కాలం ఇక్కడ పోయింది. ఒకప్పుడు చెత్తకుప్పల దగ్గర బల్లలు వేసి మరీ, చెత్త తినే ఎలుగుబంట్లను సందర్శకులకు చూపించేవారు. 1970 నాటికి చెత్తకుప్పలన్నీ మూసేశారు. ఆ మార్పు ఎలుగుబంట్ల మీద పెద్ద దెబ్బే, 1975 నాటికి ఎల్లోస్టోన్ చుట్టుపక్కల ప్రాంతమంతా కలిపి గ్రిజ్లీలు 136 మిగిలాయని అంచనా. ఇప్పుడు దాదాపు వెయ్యి. ఇవి మళ్లీ తమ తిండి తామే వెతుక్కునే జంతువులు, మనిషి అలికిడి వింటే ఎక్కువగా పక్కకు తప్పుకుంటాయి.

సెప్టెంబరులో అవి చలికాలం నిద్రకు ముందు రోజంతా తింటూనే ఉంటాయి. అందుకని కనిపించే అవకాశమూ ఎక్కువే, మనం జాగ్రత్తగా ఉండాల్సిన అవసరమూ ఎక్కువే. కాలిబాట మీద నడిచేటప్పుడు ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది కలిసి వెళ్లమని పార్కు చెబుతుంది. మీరిద్దరే కాబట్టి ఇది మీకు ముఖ్యం. మేం పాటించే పద్ధతి చెబుతాను. పొద్దున పది నుంచి మూడు మధ్య, జనం తిరిగే బాటల్లోనే నడుస్తాం. లేదా బాట మొదట్లో ఇంకో జంట కోసం కాసేపు ఆగి కలిసి బయల్దేరతాం, అలా పరిచయమైన వాళ్లు మాకు మంచి స్నేహితులయ్యారు కూడా. మలుపుల దగ్గర, నది హోరు ఉన్నచోట గట్టిగా మాట్లాడుతూ, చప్పట్లు కొడుతూ వెళతాం.

బేర్ స్ప్రే (ఎలుగుబంటిని ఆపడానికి కొట్టే ఘాటైన మిరప స్ప్రే) ఇద్దరి దగ్గరా చెరొకటి ఉండాలి, బ్యాగులో కాదు, నడుముకు. విమానంలో తీసుకురానివ్వరు, పార్కు దుకాణాల్లో కొనుక్కోవచ్చు. కొన్న సాయంత్రమే గదిలో కూర్చుని సేఫ్టీ క్లిప్పు ఎలా తీయాలో (నొక్కకుండా) పదిసార్లు చేసి చూసుకోండి. ఎలుగుబంటి మీదికి వస్తుంటే, అది 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉండగా, దాని ముందు కొంచెం కిందికి గురిపెట్టి కొట్టాలి. దోమల మందులాగా ఒంటికి రాసుకునేది కాదది. పరిగెత్తకూడదు, ఏ పరిస్థితిలోనూ.

మాకు ఇన్నేళ్లలో స్ప్రే వాడే అవసరం రాలేదు. దగ్గరిదాకా వచ్చిన సందర్భం ఒక్కటే. ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డున స్టార్మ్ పాయింట్ బాటలో అరమైలు వెళ్లాక బురదలో తాజా అడుగుజాడ, గోళ్ల గుర్తులతో సహా, నా అరచేతి కన్నా పెద్దది. మావారు ఇంకాస్త దూరం వెళ్దామన్నారు. నేను వద్దన్నాను. వెనక్కి వచ్చేశాం. ఇద్దరిలో ఒకరు వద్దంటే ఇద్దరూ వెనక్కి తిరగాలన్నది అప్పటి నుంచి మా నియమం. మీరు కూడా బయల్దేరే ముందే ఇలా ఒక మాట అనుకోండి.

కారులోంచి, రోడ్డు పక్క నుంచి చూసే ఎలుగుబంటికి ఇంత కంగారు అక్కర్లేదు. టవర్ ప్రాంతంలో నల్ల ఎలుగుబంట్లు, హేడెన్‌లో గ్రిజ్లీలు కనిపిస్తుంటాయి. రేంజర్ చెప్పిన చోట నిలబడండి, చాలు.

మధ్యాహ్నాలు వేడినీటి బుగ్గలకు

జంతువులు నీడకు చేరే పది నుంచి నాలుగు మధ్య సమయం భూమి కింది అద్భుతాలకు సరిగ్గా సరిపోతుంది. ఎల్లోస్టోన్‌లో పదివేలకు పైగా వేడినీటి బుగ్గలు, ఆవిరి బిలాలు, ఉడికే బురద గుంటలు, గీజర్లు ఉన్నాయి. ప్రపంచంలోని గీజర్లలో సగం దాకా ఇక్కడివే.

గీజర్ ఎలా పనిచేస్తుందో తెలిసి చూస్తే ఎదురుచూడటం బరువనిపించదు. కింద కరిగిన రాతి వేడి ఉంది. పైనుంచి మంచు, వాన నీరు ఇంకుతుంది. మధ్యలో ఇరుకైన రాతి గొట్టాలున్నాయి. లోతున ఉన్న నీటి మీద పై నీటి బరువు పడుతుంది కాబట్టి, కుక్కర్లోలాగా, మరిగే స్థాయి దాటినా అది ఆవిరి కాలేదు. పైన కొంచెం నీరు పొంగి పోగానే బరువు తగ్గుతుంది, కింది నీరంతా ఒక్కసారి ఆవిరై మిగతాదాన్ని పైకి నెట్టేస్తుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చిమ్మడం తక్కువసేపు సాగితే తరువాతిది త్వరగా వస్తుంది, ఎక్కువసేపు సాగితే ఆలస్యమవుతుంది. ఆ లెక్కతోనే రేంజర్లు పది నిమిషాలు అటూఇటూగా సమయం చెప్పగలుగుతున్నారు.

మీ షీటులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు ఒక గంట వేశారు. మూడు రాత్రులు అక్కడే ఉంటారు కాబట్టి దాన్ని రాత్రి వెన్నెల్లో చూడండి, టార్చి వేసుకుని బోర్డ్‌వాక్ (చెక్క నడకదారి) మీదే నడిచి. జనం పదిమందికి మించి ఉండరు. పగలు విజిటర్ సెంటర్‌లో గ్రాండ్, కాజిల్, రివర్‌సైడ్ గీజర్ల అంచనా సమయాలు రాసి ఉంటాయి. గ్రాండ్ గీజర్ కోసం రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చినా కూర్చోండి. సమయం అంచనా వేయగలిగిన గీజర్లలో అన్నిటికన్నా ఎత్తుగా లేచేది అదే, 200 అడుగుల దాకా పోతుంది. నీళ్ల సీసా, టోపీ, చదువుకోవడానికి ఏదైనా పుస్తకం తీసుకెళ్లండి. నార్రిస్ ప్రాంతంలోని స్టీమ్‌బోట్ గీజర్ ఇంకా ఎత్తైనదే గానీ ఎప్పుడు చిమ్ముతుందో ఎవరూ చెప్పలేరు, దానికోసం ప్లాన్ పెట్టుకోవద్దు.

గ్రాండ్ ప్రిస్మాటిక్‌ను ఎండ బాగా ఎక్కాక, పదకొండున్నర తరువాత చూడండి. మధ్యలోని నీలం లోతైన, తేటగా ఉన్న బాగా వేడి నీటిది. చుట్టూ ఉన్న పసుపు, నారింజ, గోధుమ రంగులు బతికి ఉన్నవి: ఒక్కో వేడి దగ్గర ఒక్కో రకం సూక్ష్మజీవుల పొర. పార్కులోని ఇలాంటి వేడినీటిలోంచే 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఒక బ్యాక్టీరియాను కనుక్కున్నారు. దాని ఎంజైమ్ వేడికి పాడవదు కాబట్టి తరువాత పీసీఆర్ పరీక్షలకు ఆధారమైంది. కోవిడ్ కాలంలో పీసీఆర్ పరీక్షకు మన ముక్కులోంచి తీసిన స్వాబ్‌ల వెనక ఈ బుగ్గల పేరు ఉంది. కింది బోర్డ్‌వాక్ దగ్గర రంగు చారలుగానే కనిపిస్తుంది. మొత్తం వలయం కనబడాలంటే ఫెయిరీ ఫాల్స్ బాట దగ్గర కారు పెట్టి, పైన కట్టిన వ్యూపాయింట్‌కు నడవండి, అరమైలుకు కొంచెం పైన. అక్కడ గాలి విసురుగా వీస్తుంది, టోపీ పట్టుకోండి. ఎగిరి బుగ్గలో పడ్డ టోపీ మీరు తీయకూడదు, రేంజర్లు తీయడం కూడా కష్టమే, అడుగున ఉన్న జీవుల పొర పాడవుతుంది.

సమయం తక్కువుంటే ఫౌంటెన్ పెయింట్ పాట్ దగ్గర ఆగండి. అరమైలు బోర్డ్‌వాక్ మీద గీజరు, బుగ్గ, బురద గుంట, ఆవిరి బిలం నాలుగూ చూపించే చోటు అది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. బోర్డ్‌వాక్ దిగకండి, ఫొటో కోసం ఒక్క అడుగు కూడా. గట్టి నేలలా కనిపించేది చాలాచోట్ల పలుచటి పొర, కింద మరిగే నీరు. ఈ బుగ్గల్లో కాలి ఇప్పటిదాకా ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎలుగుబంట్ల వల్ల చనిపోయినవాళ్ల కన్నా ఎక్కువ. 2024 జూలై 23న బిస్కెట్ బేసిన్‌లో బోర్డ్‌వాక్ పక్కనే నేల పేలి రాళ్లు ఎగిరిపడ్డాయి. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చోటు మీ జాబితాలో ఉంది, తీసేయండి.

మిగతావి త్వరగా

కెన్యన్: లోయర్ ఫాల్స్ జలపాతం 308 అడుగులు, నయాగరాకు దాదాపు రెండింతల ఎత్తు. ఆర్టిస్ట్ పాయింట్‌కు ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి. లోయ గోడల పసుపు వేడినీరు రాతిని మార్చడం వల్ల వచ్చింది. చాలామంది పార్కు పేరు దీన్ని చూసే పెట్టారనుకుంటారు గానీ, ఆ పేరు నది దిగువన ఉన్న పసుపు రాళ్ల గుట్టల వల్ల అక్కడి తెగలవాళ్లు నదికి పెట్టుకున్న పేరు నుంచి వచ్చింది.

ఎల్క్: సెప్టెంబరులో వెళ్లడానికి ఇదొక్కటే చాలు. మగ ఎల్క్ జతకోసం వేసే కేక సన్నని ఈలలా మొదలై చివర గొంతు గీరినట్టు ముగుస్తుంది. మ్యాడిసన్ నది పక్క పచ్చికల్లో సాయంత్రం ఆరు తరువాత కారు ఆపి వినండి. మామత్ ఊళ్లో అవి భవనాల మధ్యే తిరుగుతాయి, కార్లను కూడా కొమ్ములతో పొడుస్తాయి, జాగ్రత్త.

ఎల్లోస్టోన్ సరస్సు, దాని ఒడ్డున ఉన్న వెస్ట్ థంబ్ బుగ్గలు: ఒక మధ్యాహ్నం చాలు. మామత్ సున్నపురాయి మెట్లు: లామార్ నుంచి వచ్చే దారిలో రెండు గంటలు. దారిపొడవునా ఒకే ఎత్తు పైన్ చెట్ల అడవులు కనిపిస్తే అవి 1988 మంటల తరువాత మొలిచినవి. ఆ ఏడు పార్కులో మూడో వంతుకు పైగా మంటల బారిన పడింది. లాడ్జ్‌పోల్ పైన్ కాయల్లో కొన్ని ఆ వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి.

మాకు కుదిరిన ఒక రోజు ఎలా ఉంటుందంటే

ఐదింటికి లేచి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరడం. ఆరుంపావు నుంచి తొమ్మిదిన్నర దాకా హేడెన్‌లో ఒకటి రెండు మలుపుల్లో నిలబడటం. పదికి తిరిగొచ్చి టిఫిన్, గంటన్నర నిద్ర. ఈ నిద్ర మానేయకండి, మూడోరోజుకల్లా చిరాకుతో ఇద్దరూ గొడవపడేది నిద్రలేకే. ఒంటిగంటకు జలపాతం దగ్గరో, నార్రిస్‌లోనో రెండు గంటలు. ఐదున్నరకు మళ్లీ లోయకు, చీకటి పడేదాకా. ఎనిమిదిన్నరకు భోజనం. రోజుకు లెక్కకు మూడు చోట్లే. అయినా ఏ రోజూ ఖాళీగా అనిపించలేదు మాకు.

బుకింగ్ విషయానికొస్తే, లోపలి లాడ్జిలు ఏడాది ముందే నిండిపోతాయి. దొరకలేదని వదిలేయకండి. రద్దయిన గదులు రోజూ తిరిగి వస్తుంటాయి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తుంటే రెండు మూడు వారాల్లో దొరుకుతాయి, మాకు మూడుసార్లు అలాగే దొరికింది. కెన్యన్ అసలు దొరక్కపోతే మామత్ తీసుకోండి. లామార్ దగ్గరవుతుంది, హేడెన్ దూరమవుతుంది.

చాలాచోట్ల ఎత్తు ఏడెనిమిది వేల అడుగులు. మొదటిరోజు తలనొప్పి రావచ్చు. ఆరోజు నడక పెట్టుకోకుండా నీళ్లు బాగా తాగండి. రాత్రి చలి సున్నా డిగ్రీల కిందికి పోతుంది, మధ్యాహ్నం చొక్కాతో తిరగొచ్చు. ఒకదానిమీద ఒకటి వేసుకునే బట్టలు, చేతి తొడుగులు, ఉన్ని టోపీ తప్పనిసరి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ట్యాంకు సగానికి రాగానే పెట్రోలు పోయించండి. తిండి, పచ్చళ్ల సీసాలు, టూత్‌పేస్టు లాంటి వాసన వచ్చేదేదీ బయట బల్ల మీద వదలకండి, కారులో పెట్టి అద్దాలు మూసేయండి.

బైనాక్యులర్స్ మీద మాత్రం పిసినారితనం చేయకండి. 8×42 లేదా 10×42 రకం చెరొకటి ఉండాలి, ఇద్దరికీ ఒకటే ఉంటే జంతువు కనిపించిన ఆ పది సెకన్లలో ఒకరు చూడలేకపోతారు. స్కోపు కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. దొరక్కపోయినా లామార్‌లో నిలబడ్డవాళ్లను మర్యాదగా అడిగితే చూడనిస్తారు. మేం కూడా ఇప్పుడు అలాగే పక్కకు జరుగుతుంటాం.

మీకు ఏ లాడ్జిలో ఏ రాత్రులు దొరికాయో ఇక్కడే రాయండి. ఆ తేదీలను బట్టి ఏ ఉదయం ఏ లోయకు వెళితే మేలో, రోడ్డు పక్కన ఏ మలుపుల్లో ఆగాలో చెబుతాను.